ఆటల కంప్యూటరు ఎన్ని క్వింటాళ్లు?

ఈ నెల ఈ పేజీలో ఒక యంత్రాన్ని గూర్చి మాట్లాడుకుందాం. పసుపు ఉడకబెట్టే యంత్రం కాదు, కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్మూ కాదు. ఇంటర్, ఇంజనీరింగ్ చదువుతున్న మన యౌవనస్థులు ఏడాది పొడుగునా ఫోనులో వీడియోలు చూసి, విడిభాగాల పేర్లన్నీ కంఠస్థం చేసి, పంట డబ్బు చేతికి వచ్చిన వారంలోనే తండ్రి ముందుంచే కోరికను గూర్చి. దానిని వారు "గేమింగ్ పీసీ" అంటున్నారు. దుకాణంలో తయారుగా దొరికే పెట్టె వారికి వద్దు. ఒక్కొక్క భాగమూ తామే ఎంచుకొని కట్టించుకోవాలి. అందులోనూ మామూలుది కాదు, మేలురకం కావాలి.

జూన్‌లో విత్తిన పసుపు తొమ్మిది నెలలు భూమిలో ఉంటుంది. తవ్వి, ఉడకబెట్టి, కల్లంలో ఎండబెట్టి, పాలిష్ పట్టి, నిజామాబాద్ మార్కెట్ యార్డుకో లేక ధర బాగుందంటే మహారాష్ట్రలోని సాంగ్లికో తోలేసరికి ఫిబ్రవరి, మార్చి నెలలు వస్తాయి. అయిదు క్వింటాళ్ల పచ్చి కొమ్ము ఎండితే ఇంచుమించు ఒక క్వింటాలు. ఎకరానికి ఇరవై క్వింటాళ్లు, అటూ ఇటూగా. క్వింటాలుకు 12 వేలు పలికిందని అనుకుందాం. ఎక్కువ పలికిన ఏడులున్నాయి, సగం కూడా రాని ఏడులూ ఆర్మూరు రైతుకు తెలుసు. ఆ లెక్కన రెండు లక్షల కంప్యూటరంటే పదహారు, పదిహేడు క్వింటాళ్ల ఎండు పసుపు. పెట్టుబడి, కూలీలు, కౌలు తీసివేయక ముందే ఒక ఎకరంలో అయిదింట నాలుగు వంతులకు పైగా ఆ పెట్టెలోకి పోయినట్లు. ఈ లెక్క పిల్లవాడికి చెప్పకుండా "వద్దు" అనడం సులభం. చెప్పి, కూర్చోబెట్టి, కాగితం మీద వేయించడం కష్టం గాని, దానివలన ప్రయోజనం ఎక్కువ.

పెర్కిట్‌లోనో మామిడిపల్లిలోనో ఏ ఇంట్లోనైనా ఈ సంభాషణ ఇంచుమించు ఇలా సాగుతుంది.

"బాపూ, కార్డు జర మంచిదే తీస్కుందాం. మల్ల మల్ల కొంటమా?"

"మల్ల మల్ల కొనమనే భయమైతుంది బిడ్డా. గిది ఎన్ని పంటలు పనిచేస్తది?"

తండ్రి అడిగినదే సరియైన ప్రశ్న. వేగమెంత, రంగులెన్ని అని కాదు, ఎన్ని పంటలు? తెలివిగా ఎంచుకొంటే అయిదారు పంటలు నిశ్చింతగా పనిచేస్తుంది. తెలియక ఎంచుకొంటే రెండో పంటకే "ఇది సరిపోవడం లేదు" అని వినవలసి వస్తుంది.

ఎంపిక ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ గ్రాఫిక్స్ కార్డుతో మొదలుపెడతారు. నన్నడిగితే ముందు ఎంచవలసినది తెర, అనగా మానిటరు. తెర మీది బొమ్మ చుక్కలతో తయారవుతుంది. సాధారణంగా వాడే 1080 తెరలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. మొత్తం సుమారు 20 లక్షల 70 వేలు. 1440 తెరలో 36 లక్షల 80 వేల పైచిలుకు. 4కే తెరలో దాదాపు 83 లక్షలు, అంటే మొదటిదానికి సరిగ్గా నాలుగింతలు. ఈ చుక్కలన్నింటికీ సెకనుకు అరవై సార్లో, వంద సార్లో రంగు లెక్కకట్టి వేసే కూలీయే గ్రాఫిక్స్ కార్డు. పొలమెంతో తెలియకుండా కూలీలను ఎవరైనా మాట్లాడుకుంటారా? 1080 తెర ముందు రెండు లక్షల కార్డు పెట్టడం, అర ఎకరానికి యాభై మంది కూలీలను దింపినట్లే.

తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పేది హెర్ట్జ్. 60 హెర్ట్జ్ తెరపై ఒక్కొక్క బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 అయితే ఏడు మిల్లీసెకన్ల లోపే. వేగంగా గురిచూసి కాల్చే ఆటలలో ఈ తేడా కంటికి తెలుస్తుంది. నిదానంగా సాగే కథల ఆటలలో అంతగా తెలియదు. కాబట్టి పిల్లవాడు ఆడేది ఏ ఆట అని మొదట అడగండి. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ వంటివి తక్కువ ఖరీదు యంత్రంలోనూ హాయిగా నడుస్తాయి. అవి ఆడడానికి రెండు లక్షలు అక్కరలేదు. 2020లో వచ్చిన సైబర్‌పంక్ 2077 వంటి బరువైన ఆటలను అన్ని హంగులతో చూడాలంటేనే మేలురకం యంత్రం ప్రసక్తి వస్తుంది. మొదటిసారి కట్టించుకొనేవారికి 1440 తెర మధ్యేమార్గం.

ఇక కార్డు. ఎన్‌విడియా సంస్థ 2025 జనవరిలో ప్రకటించిన ఆర్‌టీఎక్స్ 50 వరుసకు మన దేశంలో విడుదల నాడు చెప్పిన ప్రారంభ ధరలు ఇవి: 5070కి 59 వేలు, 5070 టీఐకి 80 వేలు, 5080కి లక్షా 7 వేలు, 5090కి 2 లక్షల 14 వేలు. దుకాణంలో ఈ ధరలకే దొరుకుతాయని హామీ లేదు. పై లెక్క ప్రకారం 5070 టీఐ అంటే ఆరున్నర క్వింటాళ్ల పైన, 5090 అంటే ఒక్క కార్డుకే పద్దెనిమిది క్వింటాళ్లు. 1440 తెరకు 16 జీబీ జ్ఞాపకశక్తి గల 5070 టీఐ చాలును. అంతకు మించినది కావాలనే పిల్లవాడు ఎందుకు కావాలో చెప్పగలగాలి. "అందరూ బాగుందంటున్నారు" అన్నది జవాబు కాదు. ఏఎండీ కార్డులను కూడా పోల్చి చూడండి. ఒకే సంస్థ పేరు పట్టుకొని వేలాడడంలో లాభమేమీ లేదు. అన్నట్టు, ఎన్‌విడియా, ఏఎండీ, మెమొరీ చిప్పులు చేసే మైక్రాన్, ఈ మూడింటికీ హైదరాబాదులో ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. ఆ కార్డులోపలి పనిలో కొంత మన తెలుగు పిల్లల చేతిమీదుగా జరిగినా జరిగి ఉండవచ్చును. ఆటలాడే పిల్లవాడికి ఈ సంగతి చెప్పండి, ఎటు దారితీస్తుందో ఎవరికి తెలుసు?

ప్రాసెసరు విషయంలో ఆటలవారు ఎక్కువగా మెచ్చుకుంటున్నది 2024 నవంబరులో వచ్చిన ఏఎండీ రైజెన్ 7 9800ఎక్స్3డీ. ఎనిమిది కోర్లున్న ఈ చిప్పు గొప్పతనమంతా దాని 96 ఎంబీ ఎల్3 క్యాషెలో ఉంది. కిరాణా దుకాణంలో కూర్చున్న సేటు తరచుగా అమ్ముడుపోయే సరుకును చేతికందేటట్లు పెట్టుకుంటాడు. ప్రతి గిరాకీకీ లేచి వెనుక గోదాములోకి పోడు. క్యాషె అటువంటి చేతికందే అర. ర్యామ్ గోదాము. అర పెద్దదైతే గోదాముకు తిరగడం తగ్గుతుంది, ఆట తడబడకుండా సాగుతుంది. ఇంతకంటె తక్కువ ధరలో ఆరు కోర్ల రైజెన్ 5 తీసుకొని, మిగిలిన సొమ్ము కార్డుకు పెట్టినా తప్పులేదు. 1440 తెర మీద తేడా తక్కువే.

"ఎన్ని పంటలు" అన్న ప్రశ్నకు జవాబు మదర్‌బోర్డులో దొరుకుతుంది. ప్రాసెసరు కూర్చునే గూటిని సాకెట్ అంటారు. 2022లో వచ్చిన ఏఎం5 సాకెట్‌ను 2027 వరకు, ఆ తరువాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ ప్రకటించింది. అంతకు ముందరి ఏఎం4 చరిత్ర చూస్తే ఈ మాటను కొంత నమ్మవచ్చు: 2017 నాటి బోర్డులు అనేకం, బయోస్ మార్చుకున్న పిమ్మట, 2022లో వచ్చిన 5800ఎక్స్3డీ చిప్పును స్వీకరించాయి. అంటే అయిదేళ్ల తరువాత బోర్డు మార్చకుండా ప్రాసెసరు ఒక్కటే మార్చుకున్నారు. ఇంటెల్ చిప్పుల్లోనూ మంచివి ఉన్నాయి. అయితే 13, 14 తరాల డెస్క్‌టాప్ చిప్పులు కొన్ని అధిక వోల్టేజి వలన అస్థిరమవుతున్నాయని 2024లో ఆ సంస్థే ఒప్పుకొని, సవరణ విడుదల చేసి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. సెకండ్ హ్యాండ్‌లో అటువంటిది చవకగా వస్తుందంటే ఈ సంగతి జ్ఞాపకముంచుకోండి.

ర్యామ్ దగ్గర ఒక చేదు వార్త. 2025 చివరి నెలల్లో డీడీఆర్5 ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు మెమొరీ చిప్పులను ఎగరేసుకుపోవడమే కారణం. క్రుషియల్ పేరుతో ఇళ్లకు ర్యామ్ అమ్ముతూ వచ్చిన మైక్రాన్ సంస్థ ఆ వ్యాపారాన్నే వదులుకుంటున్నట్లు 2025 డిసెంబరులో ప్రకటించింది. పసుపు ధర ఎక్కడో దూరపు మార్కెట్టులో తుమ్మితే ఇక్కడ జలుబు చేస్తుందని మనకు తెలుసు గదా. ర్యామ్ కూడా అంతే. కాబట్టి పాత వీడియోలలో చెప్పిన ధరలు పట్టుకొని బడ్జెటు వేయకండి. కొనే రోజున అడిగి తెలుసుకోండి. 32 జీబీ కావాలి; అది 16 జీబీ రెండు కడ్డీలుగా ఉండాలి గాని ఒకే కడ్డీగా ఉండకూడదు. రెండు దారులలో సరుకు నడిస్తే వేగం ఎక్కువ. డబ్బు చాలకపోతే ఇక్కడ తగ్గించే బదులు మెరిసే రంగు దీపాలున్న ఫ్యానులను తగ్గించండి. ఆ దీపాలు బల్లకు అందమే గాని ఆటకు ఒరగబెట్టేదేమీ లేదు.

ఆర్మూరు వంటి ఊరిలో అసలు చూడవలసినవి కరెంటు, ఎండ, దుమ్ము. వీడియోలు చేసేవారిలో ఎక్కువమంది ఏసీ గదులలో కూర్చొని మాట్లాడతారు. మన ఇండ్ల సంగతి వారికి తెలియదు.

ఆట ఆడుతున్నంతసేపు 5070 టీఐ కార్డు 300 వాట్ల వరకు తింటుంది. ప్రాసెసరు, తెర, తక్కినవన్నీ కలిపితే మొత్తం 500 వాట్లనుకోండి. ఈ కార్డుకు కనీసం 750 వాట్ల పవర్ సప్లయి ఉండాలని తయారీదారు చెబుతున్నాడు. 850 తీసుకుంటే ఊపిరి పీల్చుకొనే సందుంటుంది. "గోల్డ్" ముద్ర గలది, పేరున్న సంస్థది తీసుకోండి. మొత్తం యంత్రంలో బేరమాడి చవకది తీసుకోకూడని భాగం ఏదైనా ఉందంటే ఇదే. ఇది చెడితే ఒంటరిగా చెడకపోవచ్చు, ఖరీదైన పొరుగువారిని కూడా తీసుకొని పోవచ్చు. పంచాంగం చూసినట్లు ప్రాసెసరు నంబర్లు చూసే పిల్లలు పవర్ సప్లయి పెట్టె వంక కన్నెత్తి చూడరు. తండ్రులు చూడవలసినది అదే.

కరెంటు పోతే? ఇంట్లో చాలామంది వాడే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. ఆట మధ్యలో కరెంటు పోతే అది బీప్‌మని ఒకసారి అరిచి ఆగిపోతుంది. కనీసం 1000 వీఏ పైన, వాట్లు ఎన్నో అడిగి, శుద్ధమైన సైన్ వేవ్ ఇచ్చేది తీసుకోవాలి. ఫ్యాన్లు తిప్పే పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరుకు ఈ యంత్రాన్ని తగిలించవద్దు. గోడ సాకెట్టుకు ఎర్తింగు ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించాలి. పెట్టె ముట్టుకుంటే చిన్నగా షాకు కొడుతున్నదంటే అది యంత్రం లోపమని దుకాణం వారితో కొట్లాడే ముందు ఇంటి ఎర్తింగు చూసుకోండి.

ఇంకొక లెక్క గృహిణులు తప్పక వేసుకోవాలి. 500 వాట్ల యంత్రం రోజుకు మూడు గంటలు, నెలకు ముప్పై రోజులు నడిస్తే 45 యూనిట్లు. 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం కింద అర్హతగల ఇండ్లకు 200 యూనిట్ల వరకు సున్నా బిల్లు వస్తున్నది. ఇప్పుడు నెలకు 170 యూనిట్లు కాలుతున్న ఇంట్లో ఈ 45 చేరితే 200 దాటిపోతుంది; దాటితే పైనున్న పదిహేను యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు కట్టాలి. మూడు గంటలు రెండు గంటలైతే ముప్పై యూనిట్లే, అంచు మీద ఆగుతుంది. పిల్లవాడు ఎంతసేపు ఆడాలన్న తగవు చాలా ఇండ్లలో కేకలతో తేలదు. మీటరు చూపించి మాట్లాడితే తేలవచ్చు.

ఎండ సంగతి. మే నెలలో మన జిల్లాలో 44 డిగ్రీలు వింత కాదు. ఏ కూలరు పెట్టినా చిప్పును గది వేడి కంటె చల్లగా చేయలేదు. గది గాలి మీదనే దాని పని ఆధారపడి ఉంటుంది. యంత్రం తినే 500 వాట్లూ చివరకు వేడిగా మారి అదే గదిలోకి వస్తాయి, అంటే చిన్న హీటరు వెలిగించుకొని కూర్చున్నట్లే. నీటితో చల్లబరిచే కూలర్లు చూడడానికి బాగుంటాయి. వాటికి పంపు ఉంటుంది, పంపు ఎప్పటికైనా ఆగుతుంది. మొదటి యంత్రానికి రెండు ఫ్యానుల గాలి కూలరు చాలు. దాంట్లో చెడేది ఫ్యాను ఒక్కటే, అది మార్చుకోవచ్చు. కేబినెట్ ముందువైపు అద్దం కాకుండా జాలీ ఉన్నది ఎంచుకోండి. మే నెలలో మధ్యాహ్నం ఆడకుండా పొద్దున ఆడమనండి.

దుకాణాల విషయానికి వద్దాం. పెద్ద భాగాల కోసం మనవాళ్లు వెళ్లేది సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు. అందరూ సీటీసీ అంటారు. ఆర్మూరు నుండి 44వ జాతీయ రహదారి మీద సుమారు 180 కిలోమీటర్లు. పోయే ముందు భాగాల జాబితా పూర్తిగా రాసుకొని, మూడు దుకాణాలలో అదే జాబితాకు ధర అడగండి. ఒకచోట కార్డు చవక, మరొకచోట ర్యామ్ చవక ఉండవచ్చు. అయినా సాధ్యమైనంతవరకు ఒకరి దగ్గరే కొంటే రేపు పేచీ వచ్చినప్పుడు "అది మా సరుకు కాదు" అనే మాట వినవలసిన పని ఉండదు. "బిల్లు వద్దంటే తగ్గిస్తాం" అనేవారు ఉంటారు. కంప్యూటరు భాగాల మీద జీఎస్‌టీ 18 శాతం. రెండు లక్షల బిల్లులో పన్ను వాటా 30 వేల 500 రూపాయలకు పైనే. ఆశ పుట్టించే సొమ్మే, కాదనను. కాని కార్డుకు మూడేళ్లు, మంచి పవర్ సప్లయికి అయిదు నుండి పదేళ్ల వరకు వచ్చే వారంటీకి ఆ కాగితమే ఆధారం. పెట్టెలు పారవేయకండి, వాటి మీది సీరియల్ నంబర్లు బిల్లు మీద వేయించుకోండి.

గల్ఫ్ సంగతి చెప్పకుండా ఆర్మూరులో ఏ కొనుగోలూ పూర్తికాదు. దుబాయిలో ఉన్న మామయ్యో, చిన్నాయనో కార్డు తెస్తానంటాడు. ప్రేమతో అనే మాటే. రెండు విషయాలు చూసుకోవాలి. అక్కడ కొన్న కార్డుకు ఇక్కడ వారంటీ వర్తిస్తుందో లేదో ఆ సంస్థనే అడగాలి. చాలా సంస్థలు ఇవ్వవు. ఇక విమానాశ్రయంలో ఒక లాప్‌టాప్‌కు ఉన్న సుంకం మినహాయింపు విడి గ్రాఫిక్స్ కార్డుకు లేదు. సామాను పరిమితి దాటితే సుంకం కట్టాలి. ఎడారి ఎండలో సంపాదించిన దిర్హాములు కస్టమ్స్ బల్ల దగ్గర పోగొట్టుకోవడమెందుకు?

డబ్బుతో ఆడే ఆటల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి, ఎందుకంటే తల్లులకు అసలు భయం అక్కడే. కంప్యూటరు ఆట వేరు, జూదం వేరు. తెలంగాణలో 2017లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పందెపు ఆటలు నడపడాన్ని నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. అదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడగా గుర్తించింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో వాటికి పతకాలు కూడా ఇచ్చారు. ఆట వ్యసనమైందని ఎప్పుడనాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుండి అమలులో ఉన్న తన రోగాల జాబితాలో దీనిని చేర్చింది. ఆటపై అదుపు తప్పి, చదువు, తిండి, నిద్ర, మనుషులు వెనుకబడి, నష్టం కనబడుతున్నా మానలేని స్థితి సాధారణంగా పన్నెండు నెలలు సాగితేనే ఆ పేరు పెట్టాలంటుంది. సెలవుల్లో నాలుగు రోజులు ఎక్కువ ఆడిన పిల్లవాడికి ఆ పేరు తగిలించవద్దు. యంత్రం పడకగదిలో కాక, నలుగురు తిరిగే హాలులో పెట్టించడం మాత్రం నేను గట్టిగా చెబుతాను. బాపు పేపరు చదువుతుంటే పక్కన కొడుకు ఆడుకుంటాడు, ఒక్కోసారి బాపే పేపరు పక్కన పెట్టి చూస్తాడు.

సీటీసీలోనే కట్టించి కారులోనో బస్సులోనో తెచ్చేటట్లయితే, కార్డును విప్పి దాని పెట్టెలో వేరుగా పెట్టించుకోండి. కిలోన్నర, రెండు కిలోల బరువు ఒక్క గాడిలో వేలాడుతూ 180 కిలోమీటర్లు వస్తే బోర్డు గాడి విరగవచ్చు. ఇంటికొచ్చాక కార్డును బిగించి, కరెంటు తీగను చివరంటా, సందు లేకుండా నొక్కాలి. 2022లో ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల తీగలు కొన్ని కరిగినప్పుడు, పూర్తిగా కూర్చోకపోవడం ముఖ్య కారణమని తేలింది. తరువాత ఆ కనెక్టరు నమూనాను మార్చారు. తీగను మొదట్లోనే మడవవద్దు. తెర తీగను మదర్‌బోర్డుకు కాదు, కార్డుకే తగిలించాలి. నాలుగు గాళ్లున్న బోర్డులో ర్యామ్ కడ్డీలు సాధారణంగా రెండు, నాలుగు గాళ్లలో ఉండాలి. మొదటిసారి స్విచ్ వేసినప్పుడు కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండవచ్చు. డీడీఆర్5 ర్యామ్ తన్ను తాను సర్దుకుంటున్నది, కంగారుపడి ఆపవద్దు. ఆ పిమ్మట బయోస్‌లో ఎక్స్‌పో అనే అంశాన్ని ఆన్ చేయకపోతే 6000 వేగానికి డబ్బిచ్చిన ర్యామ్ 4800 వద్దనే నడుస్తుంది. విండోస్‌లో తెర 144కు బదులు 60 వద్దే ఉండిపోయిందేమో చూడండి. నూరు జీబీ ఆట ఒకటి 50 ఎంబీపీఎస్ నెట్‌లో దిగడానికి నాలుగున్నర గంటలు పడుతుంది. ఆ రాత్రి ఎవరూ ఆడరు, భోజనం చేసి పడుకోండి.

ఇక మిగిలింది దుమ్ము. కల్లాల దగ్గర పాలిష్ డ్రమ్ములు తిరిగే రోజుల్లో పచ్చని ధూళి ఇండ్లలోకి వస్తుంది. కేబినెట్‌లోకి గాలి లాగే ఫ్యానులు బయటకు తోసేవాటికంటె ఒకటి ఎక్కువ ఉంటే ధూళి సందుల్లోంచి కాక ఫిల్టరు గుండానే వస్తుంది. మామూలు రోజుల్లో నెలకొకసారి, పసుపు రోజుల్లో వారానికొకసారి ఆ జాలీలు తీసి కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే తిరిగి బిగించాలి. ఫ్యాను రెక్కలను వేలితో ఆపిపట్టుకొని బ్రష్షుతో తుడవాలి గాని, గాలి కొట్టి గిరగిర తిప్పకూడదు.